హెడ్ పోయిందనే ముందు

వినైల్ ప్రింటింగ్ షాపుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. "హెడ్ పోయింది." ప్రింటులో గీతలు వచ్చినా, రంగు వెలిసినట్టున్నా, అంచుల్లో మరకలు పడినా తీర్పు ఇదే. ఆ తర్వాత జరిగేవి కూడా రెండే. యజమాని కొత్త హెడ్ కోసం అప్పు వెతుక్కుంటాడు. మెషీను దగ్గర నిలబడే ఆపరేటర్ జీతంలో కోత పడుతుంది. విచారణ మాత్రం జరగదు!

నేను మెకానిక్కుని కాను. బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. విశాఖపట్నంలో మా మేనల్లుడికి వినైల్ ప్రింటింగ్ షాపు ఉంది. సాయంత్రాలు అక్కడ కూర్చుని బిల్లులు, జీఎస్టీ లెక్కలు చూసిపెడుతుంటాను. 2023 వర్షాకాలంలో ఒక పెద్ద ఆర్డరు పాడైంది. ఒక దుకాణం అద్దాలకు అతికించాల్సిన వినైల్ అది. ముదురు నీలం రంగు మీద అడ్డంగా నల్లటి గీతలు, అక్కడక్కడా సిరా పూసినట్టు మరకలు. కస్టమర్ వెనక్కి పంపేశాడు. సర్వీసుకి వచ్చినతను పది నిమిషాలు చూసి హెడ్ మార్చాలన్నాడు. మా వాడు ఆ నెల ఆపరేటర్ కుర్రాడి జీతంలో మూడో వంతు పట్టుకున్నాడు.

"వాడు సరిగ్గా క్లీనింగ్ చెయ్యలేదు మామయ్యా, అందుకే హెడ్ పోయింది" అన్నాడు.

"చెయ్యలేదని నీకెలా తెలుసు?" అన్నాను.

"గీతలు వచ్చాయి కదా!"

ఈ వాదన గమనించండి. గీతలు రావడమే క్లీనింగ్ చెయ్యలేదనడానికి రుజువట. క్లీనింగ్ చెయ్యకపోవడమే గీతలకి కారణమట. ఇది గుండ్రంగా తిరిగే తర్కం. మా ఆఫీసులో ప్రభుత్వ సొమ్ముకి నష్టం వస్తే, నష్టం ఎంత, కారణం ఏమిటి, బాధ్యులెవరు అని మూడు ప్రశ్నలు విడివిడిగా వేసేవాళ్ళం. మొదటి దానికి జవాబు దొరికింది కదా అని మూడో దానికి జవాబు రాసేయడానికి వీల్లేదు. మధ్యలో కారణం తేలాలి. ఇక్కడ ఆ మధ్య ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

ఈ మెషీను ఎలా పనిచేస్తుందో క్లుప్తంగా చెప్తాను. హెడ్డు అటూ ఇటూ పరుగెడుతూ సన్నటి రంధ్రాల్లోంచి సిరా చుక్కలు వదులుతుంది. ఎప్సన్ డీఎక్స్5 హెడ్డులో అలాంటివి వరసకి 180 చొప్పున 8 వరసలు, మొత్తం 1440. హెడ్డు ఒకసారి వెళ్ళాక, వినైల్ కొలిచినట్టు కొంచెం ముందుకి జరుగుతుంది. అంటే బొమ్మ బాగా రావాలంటే చుక్క సరిగా పడాలి, వినైల్ సరిగా జరగాలి, రెండిటి మధ్య ఖాళీ సమానంగా ఉండాలి. మూడింట్లో ఏది తప్పినా ప్రింటు పాడవుతుంది. కానీ ఒక్కోటీ ఒక్కో రకంగా పాడుచేస్తుంది.

రంధ్రం మూసుకుపోతే ఆ ఒక్క రంగులోనే సన్నటి తెల్ల గీతలు వస్తాయి. నాజిల్ చెక్ ప్రింటు తీస్తే ఏ రంగులో ఎన్ని లేవో లెక్కపెట్టుకోవచ్చు. వినైల్ కావలసిన దానికన్నా తక్కువ జరిగితే ఒక పట్టీ ఇంకో పట్టీ మీదకి ఎక్కి, సమాన దూరాల్లో ముదురు గీతలు వస్తాయి. ఎక్కువ జరిగితే ఆ చోట తెల్లటి ఖాళీ. హెడ్డు వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ వేసిన చుక్కలు కలవకపోతే నిలువు గీతలు, అక్షరాల అంచులు జంటగా కనిపిస్తాయి. ఒకే దిశలో ప్రింటు చేయించి చూస్తే అది పోతుంది. మొదట బాగుండి, రంగు నిండుగా ఉన్నచోట పోనుపోను వెలిసిపోతే సిరా అందడం లేదన్నమాట. డ్యాంపర్లు, ఫిల్టరు, గొట్టాల్లో గాలి చూసుకోవాలి. లోపాలు వేరు, గుర్తులు వేరు. అన్నిటికీ "హెడ్ పోయింది" అనే ఒక్క పేరు పెడితే వెతకడం అక్కడితో ఆగిపోతుంది.

ఒక నోటుపుస్తకం తీసుకుని కుర్రాణ్ణి పిలిచాను. ఒకసారికి ఒక్కటే మార్చడం, మార్చింది రాయడం, ప్రింటు ముక్క కత్తిరించి ఆ పేజీకి అతికించడం. ఇదే పద్ధతి. సాధారణంగా షాపుల్లో ఏం చేస్తారంటే క్లీనింగ్ కొట్టి, వేడి పెంచి, స్పీడు తగ్గించి, అన్నీ ఒకేసారి చేస్తారు. బాగుపడినా ఏది పనిచేసిందో తెలియదు. పైగా క్లీనింగ్ మీద క్లీనింగ్ కొడితే ఖరీదైన సిరా వేస్టు ట్యాంకులోకి పోతుంది.

మొదట నాజిల్ చెక్. ఎరుపు రంగులో మూడు రంధ్రాలు లేవు. మామూలు క్లీనింగ్ ఒకటి చేస్తే రెండు తిరిగి వచ్చాయి, ఒకటి రాలేదు. మిగతా రంగులన్నీ సరిగానే ఉన్నాయి. ఎరుపులో ఒక్క రంధ్రం లేనంత మాత్రాన నీలం మీద నల్లటి గీతలు రావు కదా!

రెండోది, అదే ఫైలు, అవే సెట్టింగులు, రోల్ మాత్రం పాతది. మూలన మిగిలిన పాత వినైల్ ముక్క మీద వేయిస్తే ముదురు గీతలు లేవు! అదే హెడ్డు, అదే సిరా, అదే కుర్రాడు. మారింది రోల్ ఒక్కటే. అప్పుడు అడిగితే తెలిసింది, ఆ ఆర్డరు కోసం చదరపు అడుగుకి కాస్త తక్కువ పడుతుందని మా వాడు వేరే రకం వినైల్ తెప్పించాడు. దాని మందం వేరు, జరిగే తీరు వేరు. రోల్ రకం మారినప్పుడు ఫీడ్ కాలిబ్రేషన్ మళ్ళీ చేసుకోవాలి. కొత్త రకం వచ్చిందని కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. కాలిబ్రేషన్ చేశాక కొత్త రోల్ మీద కూడా గీతలు పోయాయి.

మరకలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని వరసగా పరిచి చూస్తే, అన్నీ రోల్ మొదటి రెండు మీటర్లలోనే, అదీ అంచులకి దగ్గర్లోనే. హెడ్డుకి బుర్ర ఉండదు, అంచు ఏదో దానికి తెలియదు. తేడా వినైల్ లోనే ఉండాలి. రోల్ ఎక్కడ పెడతారని అడిగాను.

"వెనక గదిలో సార్, గోడకి ఆనించి, నేల మీద" అన్నాడు.

ఏసీ లేని గది, విశాఖ వర్షాకాలం. వినైల్ వెనక ఉండే కాగితం పొర తేమ పీల్చుకుంటుంది. ముందు పీల్చుకునేది బయటి చుట్లు, అంచులు. కాగితం ఉబ్బి అలలా లేస్తే, లేచిన చోట హెడ్డు రాసుకుంటుంది. మరక అదే. హెడ్డు ఎత్తు కొంచెం పెంచి చూశాం, మరకలు పోయాయి కానీ అక్షరాల పదును తగ్గింది. అది సరైన వైద్యం కాదని మళ్ళీ దించేశాం. రోల్ ని కవరు తొడిగి, నేలకి ఎత్తుగా, మెషీను ఉన్న ఏసీ గదిలోనే ఒక రోజంతా ఉంచి మర్నాడు వేశాం. మరక లేదు.

అన్నట్టు, ఇలా రాసుకోవడం మరకల కన్నా పెద్ద ప్రమాదాన్ని కూడా తప్పించింది. రోజూ అలా రాసుకుంటూ ఉంటే కొన్నాళ్ళకి హెడ్డు నిజంగానే పోతుంది. మూలకారణం అలాగే ఉంచి హెడ్డు మార్చి ఉంటే, కొత్త హెడ్డుకీ అదే గతి పట్టేది.

పుస్తకం మా వాడి ముందు పెట్టాను. ఏడు పేజీలు, ఏడు ముక్కలు. చాలాసేపు తిరగేశాడు. "అయితే తప్పు నాదంటావా మామయ్యా?" అన్నాడు. "తప్పు ఎవరిదన్నది తర్వాత. వాడిది కాదని తేలింది, ముందు వాడి డబ్బు వాడికివ్వు" అన్నాను. ఆ నెల సగం, వచ్చే నెల సగం ఇచ్చాడు. కొత్త హెడ్డు కొనలేదు. ఎరుపులో ఆ ఒక్క రంధ్రం ఇప్పటికీ రాలేదు, దానివల్ల కంటికి ఆనే లోపమూ లేదు.

జీతం కోత పడ్డ మనిషికి సాధారణంగా తన తరఫున చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. "నేను చెయ్యలేదు సార్" అనే మాట తప్ప. ఆ మాటకి విలువ రావాలంటే పక్కన కాగితం ఉండాలి. అందుకే షాపు యజమానులకి కాదు, ఆపరేటర్లకే నా సలహా. రోజూ పొద్దున్నే నాజిల్ చెక్ ఒకటి తీసి, తేదీ, రోల్ రకం, గదిలో వేడీ తేమా రాసి దాచుకోండి. అయ్యే ఖర్చు కొన్ని చుక్కల సిరా. అది మెషీనుకి ఆరోగ్య పత్రం, మీకు సాక్ష్యం.