నల్లమలకు చుట్టపుచూపు

మా పినతల్లి కుమార్తె భర్తతోగూడ దక్షిణాఫ్రికాలో కాపురమున్నది. గడచిన సంక్రాంతికి ఆమె హైదరాబాదు వచ్చి మాయింట నాలుగు దినములు గడపెను. మాయిల్లు అశోక్ నగరున, హుస్సేన్ సాగరు మిగులునీరు పాఱు కాలువకు దాపున నున్నది. మా వీధి పొడుగునను ఉద్యోగపరీక్షలకు చదువుకొను బాలురును బాలికలును పుస్తకములు చేతబట్టుకొని తిరుగుచుందురు. సాయంకాలమైనచో చిక్కడపల్లి గ్రంథాలయములో కూర్చుండుటకు చోటు దొరకుట కష్టము. ఆ సందడిలో, కాలువకంపు లోనికి రాకుండ కిటికీ మూసికొని, నా చెల్లెలు తాను చూచివచ్చిన యొక నదీతీరపు విడిదిని గూర్చి చెప్పుచుండగా మేమందఱము అన్నము చల్లారుట గూడ మఱచి వింటిమి.

ఆ నది పేరు చోబే. అది బోట్స్వానా దేశపు ఉత్తరపు సరిహద్దున పాఱుచున్నది. ఆ దేశమున లక్షా ముప్పదివేల యేనుగులు గలవని అంచనా; ప్రపంచమున మఱి యే దేశమునను అన్ని లేవు. ప్రొద్దు వాలువేళ అవి గుంపులుగా నీటికి దిగుచుండగా అతిథులు వసారాలో కూర్చుండియే చూడవచ్చునట. మెత్తని పఱుపులు, వేన్నీళ్లు, పిలిచిన పలుకు పనివారు, సమస్తమును సిద్ధము. ఇన్నింటిలో నా మనస్సునకు పట్టినది వేఱొకటి. ఆ విడిదిలో జీపులు నడుపుచు, పడవలు త్రిప్పుచు, అతిథులకు మృగములను చూపు మార్గదర్శకులందఱును స్త్రీలే! ‘సఫారీ’ యనగా స్వాహిలీ భాషలో ప్రయాణమనియే అర్థము. అరబ్బీనుండి వచ్చిన ఆ మాట, మన హైదరాబాదువారి నోట నిత్యము నానెడు ‘సఫర్’కు తోబుట్టువు.

“అక్కా, ఒక్కసారి రావలెను” అని చెల్లెలు నన్ను బలవంతపెట్టెను. మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. వారు నవ్వి, “ఆ ప్రయాణమునకు నా రెండేండ్ల జీతము చాలదు. నదియు, అడవియు మనకును గలవు, ముందు వానిని చూతము” అనిరి. ఆ మాట నేను విడువలేదు. ఫాల్గుణమాసమున రెండు సెలవుదినములకు మఱియొక దినము చేర్చుకొని, పిల్లలిద్దఱితో నల్లమలకు బయలుదేఱితిమి.

హైదరాబాదునుండి శ్రీశైలము పోవు బాటలో రమారమి నూటనలువది కిలోమీటర్లు పోగా మన్ననూరు వచ్చును. అడవి యక్కడ ఆరంభము. రాత్రి తొమ్మిది మొదలు ఉదయ మాఱు గంటలవఱకు అచ్చటి ద్వారము మూసి బండ్లను నిలిపివేయుదురు. ఆ తొమ్మిది గంటలును బాట మృగములది. కృష్ణకు ఇరుప్రక్కల నున్న ఈ యడవిని 1983లో పులుల సంరక్షణమునకై యేర్పఱచిరి. 2014లో రాష్ట్రము విభజింపబడిన పిదప ఉత్తరతీరపు భాగము అమ్రాబాద్ అను పేర వేఱయినది. దాని విస్తీర్ణము 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడియున్నది.

మన్ననూరున అటవీశాఖవారు అతిథులకై కుటీరములు కట్టించిరి. మాకు దొరకినది చిన్నదే గాని శుభ్రమైనది. స్నానమునకు వేన్నీళ్లుండెను. కిటికీ తెఱచిన ఎదుట చెట్లు తప్ప మఱేమియు లేదు. సాయంకాలము కాగానే నాకు కాలు నిలువలేదు. పదునాలుగేండ్లుగా ఆ వేళకు పొయ్యి వెలిగించు చేతులు ఊరకుండునా? వంటయింటివైపు పోయి చూడగా ఒక స్త్రీ జొన్నరొట్టెలు తట్టుచుండెను. నేనొక చేయి వేయబోవగా ఆమె, “మీరు కూసోండ్రమ్మా, ఈడ మీరు చుట్టాలు” అనెను. నేను తిరిగివచ్చి వసారాలో కూర్చుంటిని. ఎవరో వండి వడ్డింపగా వేడివేడి రొట్టెయు గోంగూరయు తింటిని. ఎంత హాయిగా నుండెనో సోదరీమణులకు వేఱుగ చెప్పవలెనా!

మఱునాడు తెలతెలవాఱుచుండగా జీపులో బయలుదేఱితిమి. మార్గదర్శకుడు చెంచు యువకుడు. ఫరహాబాదు ద్వారముకడ జీపు నిలువగా కోతులు చుట్టు మూగెను. పిల్లను ఱొమ్మున కఱచుకొన్న ఒక తల్లికోతి నా ముఖమువంక చూచుచు చేయి చాచెను. నోరులేని జీవము చేయి చాచినప్పుడు లేదనుట మాయింట వాడుక లేదు. సంచిలోని అరటిపండు తీసి విసరితిని. ఆ యువకుడు చప్పున వెనుదిరిగి, కోపింపకయే, “పెట్టొద్దమ్మా. ఇయ్యాల మీరు పెడ్తరు, రేపు ఇంకొకరు పెడ్తరు. అడివిల ఏరుకునుడు మఱిచి రోడ్డు మీదనే కూసుంటయి. ఆనక బండి కింద పడ్తయి” అనెను. మేము వచ్చినబాటలో ఒకచోట అట్లు నలిగిపడియున్న కోతిని నేను చూచి కన్నులు మూసికొంటిని. దానిని అచ్చటికి రప్పించినది నాబోటివారి దయయే యని అప్పుడు తెలిసినది.

నేను చిన్ననాట మా తండ్రిగారియొద్ద శాకుంతలము చదివితిని. దుష్యంతుడు లేడిని తఱుముచు కణ్వాశ్రమపు పొలిమేర జేరగా, ఇది ఆశ్రమమృగము, చంపదగదని తాపసుడొకడు అడ్డుపడెను. అంతటి రాజును మాఱుమాటాడక బాణము నుపసంహరించెను. పిమ్మట, తపోవనమున వినయవేషముతో ప్రవేశింపవలెనని తన నగలను వింటిని సారథి చేతి కిచ్చి, కాలినడకను లోనికి బోయెను. అది మాలినీనదీతీరము. శృంగారకథయని మనము చదివిన ఆ నాటకమున అతిథిధర్మము మొదటి యంకముననే యున్నది. ఆతిథ్యమనగా పెట్టుట యని మాత్రమే నేను ఇన్నాళ్లు తలచితిని. పరులయింట నెట్లు మెలగవలెనో యెఱుగుటయు నందు భాగమే.

లోపలి బాట ఎఱ్ఱమట్టిది. ఇరుప్రక్కల వెదురుపొదలు, నల్లమద్దులు, ఇప్పచెట్లు. ఆకురాలిన కొమ్మలకు మోదుగుపూలు నిప్పువలె నంటుకొనియుండెను. దుప్పుల గుంపొకటి మమ్ము చూచి మేత మాని నిలిచెను. కణుజు ఒకటి చెట్లమఱుగున తలయెత్తి మరల మాయమయ్యెను. కొండముచ్చు కొమ్మపైనుండి ఒక్కమాఱు దగ్గినట్లు అఱవగా యువకుడు జీపు నాపించి, వ్రేలు పెదవులపై నుంచెను. పులి కనబడలేదు. దుమ్ములో దాని యడుగుజాడ మాత్రము కనబడెను. అది నా అఱచేతికంటె పెద్దది. తొమ్మిదేండ్ల మా అబ్బాయి దానిప్రక్క మోకరించి ఎంతసేపటికిని లేవలేదు.

కొండకొమ్మున నిజాము కాలపు వేటవిడిది శిథిలములు గలవు. ఒకనాడు తుపాకులతో వచ్చినవారి కొఱకు కట్టిన గోడలు. అచ్చట కూర్చుండి ఆ యువకుడు తన కులమువారి ముచ్చటలు చెప్పెను. చెంచుల పల్లెను పెంట యందురు. తేనెకై ఎత్తైన కొండచఱియల మీదినుండి త్రాళ్లతో దిగునపుడు ఆ త్రాడును బావమఱదిచేతనే పట్టింతురట. అన్నదమ్ములైన పగ పట్టవచ్చును గాని, అక్క మంగళసూత్రము తెగగోరు తమ్ముడుండడని వారి నమ్మకము. ఈ మాట విని మా అమ్మాయి తమ్మునివంక తేఱిపాఱ చూచెను!

పులుల కొఱకు లోపలి పెంటలను అడవి వెలుపలికి తరలింపవలెనను ఆలోచన చాలకాలముగా నున్నది. సమ్మతించిన కుటుంబమునకు 15 లక్షల రూపాయలిచ్చు పద్ధతి గలదు. 2006 నాటి చట్టము అడవిలో వారికి హక్కులను ఒప్పుకొన్నది. మీరేమి చేయుదురని అడిగితిని. “కొందరు పోదమంటరు, బడి ఉంటది, దవాఖాన ఉంటదని. కొందరు పోమంటరు. మా అమ్మ మాత్రం, దేవున్ని యిడిచి యాడికి పోవాలె అంటది” అని యాతడు ఊరకుండెను. చైత్రపూర్ణిమకు సలేశ్వరము తెఱచినపుడు అచ్చటి లింగమునకు పూజచేయువారు చెంచులే. ఆఫ్రికాలోను ఈ కథ క్రొత్తది గాదు. 1959లో సెరెంగెటీ వనమునుండి మసాయి పశుకాపరులను ప్రక్కనున్న ఎత్తునేలకు తరలించిరి. నేడు ఆ వనమును చూడ లోకమంతయు పోవుచున్నది. మృగములు మిగులవలెననుట నిజము. దుప్పిపిల్ల యెక్కడ పడుకొన్నదో యెఱిగినవాని తల్లి ఎక్కడ పడుకొనవలెనో అడుగుటయు న్యాయము. ఈ రెండింటిని పొసగించు తీర్పు నాయొద్ద లేదు. కాని ఆ విడిదిలో సుఖముగా నిద్రించి వచ్చిన నాకు, ఆ ప్రశ్న నాది కాదనుటకు నోరాడదు.

ఆ సాయంకాలము కొల్లాపురము మీదుగా సోమశిల చేరితిమి. ఇది కృష్ణయొడ్డున నున్న గ్రామము. పర్యాటకశాఖవారి కుటీరము ముంగిట నిలిచినచో కన్ను ఆనినంత మేర నీరే. శ్రీశైలపు ఆనకట్టవలన నిలిచిన నీరది. వెన్నెలలో అలలు మెట్లను తాకుచుండగా, చోబే తీరపు సుఖము ఇంతకు మించియుండదని మావారు పరిహాసమాడిరి.

ఉదయమున మమ్ము పడవలో త్రిప్పిన ముసలివాడు నడుమ తెడ్డు ఆపి, నీటివైపు చేయి చూపి, “మా యిల్లు ఆడ ఉండె” అనెను. అక్కడ నీరు తప్ప ఏమియు లేదు. 1981లో ఈ జలాశయము నిండుటకుముందు దాదాపు నూఱు గ్రామములను ఖాళీ చేయించిరి. లక్షమంది ఇండ్లు విడిచిరి. ఆవలిదరి సంగమేశ్వరాలయము ఏటేట మునిగి, నీరు తీసిన వేసవిలో మరల తేలును. అందలి లింగము వేపకొయ్యదట. దేవునికి ఏడాది కొకమాఱైన ఇల్లు తిరిగి దొరకుచున్నది. ఆ ముసలివానికి దొరకలేదు.

పోదలచు సోదరీమణులకు రెండుమాటలు. వానకాలమున అడవిలోని సవారి నిలిపివేయుదురు. కార్తీకము మొదలు ఫాల్గుణమువఱకు అనుకూలము. బసయు జీపును ముందుగనే నిర్ణయించుకొనవలెను. ముదురువన్నె చీరలు కట్టుకొనుడు, అత్తరులు వలదు. ప్లాస్టిక్ సీసాలు, పొట్లములు కొనిపోవలదు. చిఱుతిండ్లు డబ్బాలో మూతబెట్టి పిల్లల కందనిచోట నుంచుడు. మార్గదర్శకుని మాట ఇంటిపెద్ద మాటగా నెంచుడు.

మా నగరమునకు 2004 మొదలు నాగార్జునసాగరునుండి కృష్ణాజలము వచ్చుచున్నది. నల్లమలలో కురిసిన వానలో కొంత ఏళ్ల వెంబడి ఆ సాగరమునకే దిగును. మా కిటికీ దాపున పాఱు కాలువ మూసీలో కలియును. మూసీ వాడపల్లికడ కృష్ణలో కలియును. మేము త్రాగునదియు, విడుచునదియు ఒక్క నదికే యని, ఇంటికి వచ్చిన రాత్రి పిల్లలకు పటమున చూపితిని. మఱునాటి ఉదయమున మా అమ్మాయి పండ్లు తోముకొనుచు, ధారగా పోవుచున్న కుళాయిని తానై కట్టివేసెను. నేనేమియు అనలేదు.