సాహచర్యము – కారణత్వము

"నిత్యం దైవదర్శనం చేసుకొనేవారు దీర్ఘాయుష్మంతులని విదేశీయుల పరిశోధనలే తేల్చాయి కదా, పంతులుగారూ!" అని భక్తులు నాతో తరచుగా అంటూ ఉంటారు. అర్చకునికి ఆ మాట ప్రీతికరమే. కాని గురుకులంలో తర్కసంగ్రహం అభ్యసించినవానికి ప్రీతి ప్రమాణం కాజాలదు.

కార్యానికి పూర్వం ఉన్నదల్లా కారణం కాదని తర్కశాస్త్రం బోధిస్తుంది. ఘటానికి మృత్తిక, దండం, చక్రం, కులాలుడు కారణాలు. మన్ను మోసుకొచ్చిన గాడిద కూడా ఘటానికి ముందున్నదే. అయినా కారణం కాదు. శాస్త్రం దానిని 'అన్యథాసిద్ధం' అంటుంది.

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, వాషింగ్టన్ కౌంటీ ప్రజలపై జార్జ్ కామ్‌స్టాక్ ప్రభృతులు చేసిన పరిశోధన 1972లో వెలువడింది. వారానికొకసారైనా చర్చికి వెళ్ళేవారిలో హృద్రోగాది మరణాలు తక్కువగా కనిపించాయి. అయితే నడవలేని రోగి చర్చికి వెళ్ళడమెట్లా? ప్రార్థన ఆరోగ్యమిచ్చిందా, ఆరోగ్యమే ప్రార్థనకు నడిపించిందా? ఈ లోపాన్ని తరువాత కామ్‌స్టాక్ తామే గుర్తించారు. పూర్వారోగ్యాన్ని గణించిన అనంతర పరిశోధనలలోనూ కొంత సాహచర్యం కనబడుతున్నది. కాని సాహచర్యం వేరు, కారణత్వం వేరు.

ప్రతికూల ఫలితానికీ ఇదే న్యాయం. మతనిష్ఠ గల కుటుంబాల పిల్లలలో ఔదార్యం తక్కువని, ఆరు దేశాల 1,170 మంది బాలలను పరీక్షించిన ఒక వ్యాసం 2015లో ప్రకటించింది. దేశభేదాన్ని గణించడంలో దోషం జరిగిందని తేలి, 2019లో దానిని ఉపసంహరించారు. మనకు నచ్చని ఫలితాన్ని పరీక్షించినట్లే నచ్చినదానినీ పరీక్షించాలి.

ఈ విచారం కేవలం పండితవినోదం కాదు. పక్షవాతంతో మంచం పట్టిన ఒక వృద్ధభక్తురాలికి తీర్థప్రసాదాలు ఇవ్వడానికి వెళ్ళాను. "గుడికి రావడం మానినందుకే నాకీ అవస్థ వచ్చిందా, పంతులుగారూ?" అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. "అమ్మా! రావడం మానినందువల్ల వ్యాధి రాలేదు; వ్యాధి వచ్చినందువల్ల రావడం మానారు" అన్నాను. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, కన్నులు తుడుచుకొని ప్రసాదం స్వీకరించింది.

కార్యకారణాలను తారుమారు చేస్తే తర్కదోషంతో ఆగదు. ఆర్తుని హృదయంలో లేని అపరాధాన్ని నాటుతుంది. సాధకులారా! ఆయుర్దాయం పెరుగుతుందని చేసేది వ్యాపారం. భగవంతుడు ప్రియతముడు గనుక చేసేది భక్తి. దానికి గణాంకాల సాక్ష్యం అక్కరలేదు.

స్వస్తి.