ఏ ఇండియన్?

మా అమ్మాయి పదకొండో తరగతి. కాలేజీలో ఫోటోగ్రఫీ చదువుతానంది. "హాబీగా చేసుకోమ్మా, ఎవరొద్దన్నారు?" అన్నాను. తను మాట్లాడకుండా లాప్‌టాప్ నా ముందు పెట్టి వెళ్ళిపోయింది.

తెర మీద పక్కపక్కనే రెండు ఫోటోలు. ఒకటి పాతకాలపు అమెరికన్ మూలవాసిది, తలలో ఈక. రెండోది అదే గోధుమ రంగులో, అదే తీరున కూర్చున్న మన దేశపు ఆవిడది, నుదుట బొట్టు. పేరు "ఈక ఇండియన్, బొట్టు ఇండియన్".

ఆవిడ అన్ను పాలకున్నత్తు మాథ్యూ. పుట్టింది ఇంగ్లండులో, పెరిగింది బెంగుళూరులో. మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో లెక్కల్లో బీయెస్సీ. (ఇక్కడ నా ప్రాణం కాస్త లేచొచ్చింది. ముందు లెక్కలు!) తర్వాత 1997లో డెలావేర్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ ఎమ్మెఫ్ఏ, ఆపైన ఏళ్ళ తరబడి రోడ్ ఐలండ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గిరీ. ఎవరైనా ఏ ఊరని అడిగినప్పుడల్లా "ఇండియా నుంచి వచ్చిన ఇండియన్ని" అని విడమరచి చెప్పుకోవాల్సి రావడంతో 2001లో ఈ ఫోటోలు మొదలుపెట్టారట. ఎడ్వర్డ్ కర్టిస్ లాంటివాళ్ళు మూలవాసులను తీసిన పాత ఫోటోల పక్కన తన ఫోటో. మనవాళ్ళనీ బ్రిటిష్ దొరలు అలాగే వింత మనుషుల్లా నిలబెట్టి తీశారు కదా!

నాకు నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. "ఏ ఇండియన్?" అంటూ ఒకాయన నుదుటి మీద వేలు పెట్టుకుని, తర్వాత తల వెనక రెండు వేళ్ళు ఈకల్లా నిలబెట్టాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పాను. అమ్మాయి అన్నం కలుపుతూ, "నాకు మూడో తరగతిలో అయింది నాన్నా. అందుకే బొట్టు మానేశాను" అంది.

ఫ్యాషన్ అనుకున్నాం మేము. అప్పట్లో ఇక్కడికొచ్చిన మా అమ్మ దాన్ని రోజూ సాధించేది, బోసి మొహం ఏమిటే అని. పిల్ల ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. అమ్మ ఇప్పుడు లేదు, చెబుదామన్నా.

మాథ్యూ గారి మరో వరుసలో అమ్మమ్మ, అమ్మ, మనవరాలు ఒకే ఫ్రేములో ఒకరు కరిగి ఇంకొకరుగా తేలుతారు. అలాంటిది చేస్తానని అమ్మాయి బామ్మ ఫోటో అడిగింది. చదువు గురించి ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం, లెక్కలు కూడా తీసుకోమని నేను. అమ్మ పెళ్ళినాటి ఫోటో స్కాన్ చేసి పంపమని మాత్రం తెనాలిలో తమ్ముడికి ఫోన్ చేశాను. బొట్టు బాగా కనపడాలిరా, అని రెండుసార్లు చెప్పాను.