చెత్తకు వెల

2021వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశమున ఇంటింటి చెత్తను సేకరించు కార్యక్రమ మారంభమయ్యెను. పెద్ద నగరములందలి గృహస్థులు దానికై నెలకు 120 రూపాయల వఱకు చెల్లింపవలసివచ్చెను. అనగా దినమునకు 4 రూపాయలు. ఆస్తిపన్ను కట్టుచుండగా చెత్తకు వేఱుగా నేల కట్టవలెనని మా యింట నొక సాయంకాలమంతయు వాదించుకొంటిమి. ఆ వాదములో మేము త్రాగిన కాఫీల వెల ఎవరును లెక్కింపలేదు.

మా నిరాకరణమునకు హేతువు లేకపోలేదు. బండి కొన్నినాళ్లు వచ్చెను, కొన్నినాళ్లు రాలేదు. రాని సేవకు రుసుమేమి? అయితే బండి రాని రాత్రులందు చెత్తమూటను వీథి మలుపునందలి కాలువలో జాఱవిడిచినవారమును మేమే. వానకాలమున నా కాలువ పొంగి మురుగు మా గడప యెక్కినప్పుడు పురపాలకులను దూషించినవారమును మేమే.

ఒకనాటి యుదయమున బండి వెంట వచ్చు పనియామె మా బుట్టలోనిది చేతితో తీయుచుండగా ఆమె యఱచేయి తెగెను. కూరతొక్కల నడుమ పగిలిన గాజుగ్లాసును వేసినది మా యింటివారే. మేము సిగ్గుపడి, గాయమును కడిగి, గుడ్డ కట్టి, 500 రూపాయల నోటు నందీయబోతిమి. ఆమె పుచ్చుకొనలేదు. "డబ్బులెందుకమ్మా, గాజుపెంకులు కాగితంలో చుట్టి వేరే పెట్టండి, చాలు" అనెను. నాలుగు రూపాయలకు లెక్క చూచిన యింటిలో ఆనాడు నోటు లెక్కలేకయే వెలువడినది. ఆమె కోరినది మాత్రము కాసు ఖర్చు లేని పని.

2016వ సంవత్సరపు నియమావళి గృహస్థునిపై రెండు భారముల నుంచెను: రుసుము చెల్లించుట, తడిచెత్త, పొడిచెత్త, హానికరమైన చెత్త అని మూడుగా విడదీసి యిచ్చుట. మొదటిదానిని గూర్చి వీథివీథిని కలహము జరిగెను. రెండవదానిని గూర్చి మా వీథిలో నొక్కరైనను నోరెత్తినట్లు మాకు జ్ఞాపకము లేదు. విడదీసిన తడిచెత్త ఎరువగును, పొడిచెత్త కొనువారుందురు; కలిపినచో రెండును చెడి, ఊరి వెలుపలి గుట్టపై పొగయగును. ఆ పొగకు సమీపమున నివసించువారు మనకంటె పేదవారు.

2024వ సంవత్సరమున ప్రభుత్వ మా రుసుమును రద్దుచేసెను. వీథివారితోపాటు మేమును సంతోషించితిమి. ఆ సంతోషము పూర్తిగా నిష్కల్మషమైనదని చెప్పజాలము.

ఇప్పుడు మా పెరటి గుమ్మమున రెండు బుట్టలును, గాజుపెంకులకు, బ్లేడులకు, పాత బ్యాటరీలకు నొక డబ్బాయు నున్నవి. పిల్లలు రెండు దినములలో నేర్చుకొనిరి. పాలపొట్లము నే బుట్టలో వేయవలెనో పెద్దలమగు మాకు మాత్ర మిప్పటికిని ప్రతి యుదయమును సందేహమే.