చిల్లు మూసుకుపోతే...

కుక్కర్ పెట్టేముందు మూత వెలుతురుకి పట్టి చిల్లులోంచి చూడమనేది మా అమ్మ. మొన్న తొందరలో చూడలేదండీ. పప్పు పొట్టు అడ్డుపడి విజిల్ రాలేదు. ఆవిరి లేదనుకుని మా అమ్మాయి మూత తీయబోయింది. గబుక్కున చెయ్యి లాగేశాను.

ఆ రాత్రి ఎప్పుడో చదివిన 'థెటిస్' గుర్తొచ్చింది. బ్రిటిష్ నౌకాదళం కోసం కట్టిన కొత్త జలాంతర్గామి అది. 1939 జూన్ 1న లివర్‌పూల్ తీరం దగ్గర పరీక్షకి వెళ్ళింది. టార్పెడో గొట్టంలో నీళ్ళున్నాయో లేదో చెప్పే చిన్న చిల్లు రంగు పూతతో మూసుకుపోయింది. చుక్క నీరు రాకపోయేసరికి ఖాళీయే అనుకుని లోపలి తలుపు తీశారు. గొట్టానికి బయటి మూత తెరిచే ఉంది! 103 మందిలో బతికింది నలుగురే. మర్నాడు పొద్దున దాని తోక నీటిపైనే కనబడిందట.

దాన్నే పైకి తీసి, బాగుచేసి, 'థండర్‌బోల్ట్' అని పేరు మార్చి యుద్ధానికి పంపారు. 1943 మార్చిలో సిసిలీ దగ్గర ఇటలీ యుద్ధనౌక ముంచేసింది. ఈసారి ఒక్కరూ మిగల్లేదు. పేరు మార్చినంత మాత్రాన, అందులోకి కొడుకుని పంపిన తల్లికి పాత సంగతి తెలియకుండా ఉంటుందా?

పొద్దున్నే అమ్మాయి చేతికి మూత ఇచ్చాను. "చప్పుడు లేదంటే లోపలేమీ లేదని కాదమ్మా. ముందు చిల్లు చూడు" అన్నాను.