ఐజోష్

ఆ తల్లి ఒళ్లో పసుపుపచ్చ ప్లాస్టిక్ డబ్బా ఉంది. ఎంటొటో కొండమీది మరియమ్మ చర్చి నుంచి తెచ్చిన తీర్థం అందులో. పక్కన పాతికేళ్ల కొడుకు. నెలరోజులుగా నిద్ర లేదు, ఎవరో పేరుపెట్టి పిలుస్తున్నారంటాడు. ఎదురుగా మానసిక వైద్యంలో పీజీ చేస్తున్న డాక్టరమ్మ అమ్హారిక్‌లో నెమ్మదిగా అడుగుతోంది. ఆమె పక్కనే టొరంటో నుంచి వచ్చిన ప్రొఫెసర్, నోరు మెదపకుండా. తల్లి సరేనన్నాకే నన్ను వెనక బల్లమీద కూర్చోనిచ్చారు.

అడిస్ అబాబాలోని తికుర్ అన్‌బెస్సా ఆసుపత్రి ఇది. నల్ల సింహం అని ఆ పేరుకు అర్థం. మా విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చే ఇథియోపియా విద్యార్థుల నోట ఈ పేరు ఎప్పుడో విన్నాను. ఇక్కడి బోర్డులు చదవలేకపోయినా పరాయిగా అనిపించలేదు: హల్లు ఒకటే, అచ్చుని బట్టి రూపం మారుతుంది, మన గుణింతంలాగే.

2003లో ఏడు కోట్ల జనానికి ఈ దేశంలో ఉన్న మానసిక వైద్యులు 11 మంది. స్పెషలిస్టు కావాలంటే పరాయి దేశం పోవాల్సి వచ్చేది. పోయినవాళ్లలో ఎందరో అక్కడే ఉండిపోయారు. ఆ బాధ మన జిల్లా ఆసుపత్రులకూ తెలుసు. ఆ ఏడాదే అడిస్ అబాబా విశ్వవిద్యాలయం టొరంటో విశ్వవిద్యాలయంతో కలిసి ఇక్కడే మూడేళ్ల కోర్సు మొదలుపెట్టింది. పిల్లల్ని అక్కడికి పంపలేదు, పాఠం చెప్పేవాళ్లనే ఇక్కడికి రప్పించింది. ఏడాదికి మూడు విడతలు, విడతకు నెల రోజులు, ఇద్దరు ప్రొఫెసర్లు, వెంట వాళ్ల పీజీ ఒకరు. ఇక్కడ చదువు ముగించినవాళ్లే తర్వాతి బ్యాచ్‌లకు గురువులయ్యారు. ఈ దారిలోనే 2010లో అత్యవసర వైద్యానికి, 2013లో కుటుంబ వైద్యానికి పీజీ కోర్సులు వచ్చాయి.

ఇందులో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది, వచ్చిన గురువుకి రోగి భాష రాకపోవడం. రాదు కాబట్టే రోగితో మాట్లాడేది ఎప్పుడూ శిష్యులే. విన్నది ఇంగ్లీషులో చెప్పాలి, ఎందుకలా అనుకున్నారో వివరించాలి. గురువు అక్కడ ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడంలోనే సగం చదువు అయిపోతుంది.

"తీర్థం మానక్కర్లేదు. మాత్రలు మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు" అని చెప్పిందట డాక్టరమ్మ. తల్లికి కళ్లనీళ్లు తిరిగాయి. డాక్టరమ్మ వంగి ఆమె చెయ్యి పట్టుకుని "ఐజోష్" అంది.

వాళ్లు వెళ్లాక ప్రొఫెసర్ ఆ మాటకు అర్థం అడిగారు. ఆమె ఇంగ్లీషులో రెండు మూడు మాటలు వెతికి, ఏదీ సరిపోక ఆగిపోయింది. వెనక కూర్చున్న నాకు మాత్రం మా అమ్మ గొంతే వినపడింది: ఏం ఫర్లేదమ్మా, మేం లేమూ!

కిటికీలోంచి చూస్తే ఆ తల్లి వరండాలో ఆగి ఉంది. మాత్రల పొట్లం పైన కప్పుకున్న నెతెలా శాలువా కొంగున ముడివేసుకుంది. డబ్బా ఒక చేత్తో, కొడుకుని ఒక చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.