సగంలో ఆగిన బొమ్మలు

అన్నవరంలో కొండ దిగి వచ్చే దారికి నాలుగు సందుల అవతల మా ఇల్లు. వెనక పెంకుటి గదిలో పదిహేనేళ్ళుగా నీటిరంగులతో బొమ్మలు వేస్తున్నాను. ఈ కార్తీకంలో, సత్యదేవుడి వ్రతాలకు ఊరంతా జనంతో నిండే రోజుల్లో, ఓ మూడు రోజులు ఆ గది తలుపులు తీసి దారినపోయే వాళ్ళని కూడా లోపలికి పిలవాలని ఉంది. సంగతి చెబితే మా అక్క అడిగిన మొదటి మాట ఇది: "మరి ఆ సగం సగం వేసి వదిలేసినవన్నీ ఎక్కడ దాస్తావురా?"

నాకు జవాబు తోచలేదు. ఆ ప్రశ్న మనసులో పెట్టుకునే మర్నాడు రాజమండ్రి రైలెక్కాను. పిఠాపురం, సామర్లకోట, అనపర్తి, ద్వారపూడి. కడియం దాటాక గోదావరి గాలి తగిలినట్టే అనిపిస్తుంది నాకెప్పుడూ.

గోదావరి గట్టుకి దగ్గర్లో దామెర్ల రామారావు చిత్రకళామందిరం ఉంది. చిన్నప్పుడు డ్రాయింగు మాస్టారితో వచ్చాను. అప్పుడు 'పుష్పాలంకరణ' దగ్గర నిలబడిపోయానని గుర్తు. ఆ వయసులో రంగులే కనిపిస్తాయి. ఈసారి దాని ముందు ఎక్కువసేపు ఆగలేదు, పెన్సిలు గీతల కోసం వెతుక్కున్నాను.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టాడు. ఆ ఊరి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. కుర్రాడి చేతివాటం చూసి అజంతా చూపించాడు, బొంబాయి జె.జె. స్కూలు ఆఫ్ ఆర్ట్‌కి వెళ్ళే దారి వేశాడు. అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం కూడా ఆ దొర దగ్గర తయారైన వాళ్ళే. చదువయ్యాక రామారావు బొంబాయిలో ఉండిపోలేదు. సొంతూరొచ్చి మిత్రులతో కలిసి చిత్రకళాశాల పెట్టాడు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన 'ఋష్యశృంగ బంధనం'కి బహుమతి వచ్చింది. 1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి పోయాడు. ఇంకో నెల బతికి ఉంటే ఇరవై ఎనిమిది నిండేవి.

ఈ తేదీలు ఎన్నోసార్లు చదివినవే. కానీ ఆ గోడల మధ్య నిలబడితే వేరుగా తగిలాయి. పారిస్‌లో బ్రాంకుసి అనే శిల్పి తన పనిగదినే ఒక శిల్పంలా చూసుకునేవాడు. ఒక బొమ్మ అమ్ముడుపోతే ఆ చోటు ఖాళీగా ఉండకూడదని అచ్చు తీసిన నకలు తెచ్చి పెట్టేవాడు. 1956లో, ఇంకో ఏడాదికి పోతాడనగా, గదిని ఉన్నదున్నట్టు ఉంచాలనే షరతు మీద ఫ్రాన్స్ ప్రభుత్వానికి రాసిచ్చాడు. అలా సర్దుకునే వ్యవధి రామారావుకి దొరకలేదు. ఆయన తరఫున మిగతావాళ్ళు సర్దారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ కుంచె పట్టినవాళ్ళే. బొమ్మలు తలా ఒక దిక్కుకీ పోకుండా సత్యవాణిగారు నిలిపారు. చిత్రకళాశాలని వరదా వెంకటరత్నంగారు భుజాన వేసుకున్నారు. పేరు గలిగిన చిత్రకారుల పని మన దగ్గర ఎంత తొందరగా చెదిరిపోతుందో చూసినవాణ్ణి కనక, ఆ ఇద్దరికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

గీతల దగ్గరే నాకు పొద్దుపోయింది. కూర్చున్న మనిషి వీపు, పశువు మెడ, బిందె పట్టిన చెయ్యి. రంగు పడిన బొమ్మలో గీత ఒక్కటే మిగులుతుంది. అక్కడికి చేరడానికి చెయ్యి ఎన్ని దారులు తిరిగిందో ఈ కాగితాల మీదే తెలుస్తుంది. ఎక్కడ గట్టిగా నొక్కాడో, ఎక్కడ పెన్సిలు తేల్చి వదిలాడో కనిపిస్తుంటే ఆయన భుజం మీదుగా చూస్తున్నట్టే ఉంది.

నా పక్కన ఒకావిడ, ఏడెనిమిదేళ్ళ పిల్ల. పిల్ల ఒక కాగితం చూపించి, "ఇదింకా అవ్వలేదామ్మా?" అంది.

"అవ్వలేదమ్మా, ఇంకా వేస్తున్నారు," అంది తల్లి.

ఆవిడ ఆలోచించి అన్న మాట కాదు. నేను మాత్రం రైల్లో సామర్లకోట దాటేదాకా దాన్నే తిప్పి తిప్పి తలుచుకున్నాను. పూర్తయిన బొమ్మలే చూపించాలంటే చట్రాలు కట్టించి ఏ హాల్లోనైనా పెట్టొచ్చు. గది తలుపులు తీయడమెందుకు? పని మధ్యలో ఉన్న మనిషిని చూడ్డానికే కదా ఎవరైనా గదిలోకి వచ్చేది.

శాంతినికేతన్ కళాభవనలో ఏటా డిసెంబరు 1, 2 తేదీల్లో నందలాల్ బోస్ పుట్టినరోజు వంకన నందన్ మేళా జరుగుతుంది. విద్యార్థులూ గురువులూ తాము చేసినవి బల్లల మీద పెట్టుక్కూర్చుంటారు, అందరికీ అందే ధరకి ఇస్తారు. అంత పెద్దది మా సందులో చెయ్యలేను. కానీ వచ్చే పిల్లల కోసం ఒక బల్ల, కాగితాలు, నాలుగు డబ్బాల పెన్సిళ్ళు పెట్టగలను.

ఇంటికొచ్చి అక్కతో ఏదీ దాచడం లేదని చెప్పాను. అట్టపెట్టెల్లోంచి పాత గీతలన్నీ తీశాం. కొన్నిటి అంచులు పురుగు తినేసింది, ఉన్నంత వరకే ఉంచాం. గోడకి చెమ్మ ఉంది కనక చట్రాల వెనక రెండేసి చెక్కముక్కలు కట్టి గాలాడేలా చేశాం. నీటిరంగులు ఎండకి వెలిసిపోతాయి, అందుకని పడమటి కిటికీకి దుప్పటి కట్టాం. మూల నుంచి మూలకి తీగె లాగి పెన్సిలు కాగితాలు క్లిప్పులతో తగిలించాం. అక్క రంగులు కలిపే పింగాణీ పళ్ళేలు తోమబోతే వద్దన్నాను. ఎండిన రంగులతోనే బల్ల మీద ఉన్నాయి.

తలుపెదురుగా పంపా జలాశయం బొమ్మ పెట్టాం. రత్నగిరీ, దాని నీడా అయ్యాయి. నీళ్ళింకా వెయ్యాలి.